3×3 స్టాల్ ముందు జనం ఆగాలంటే: గానుగ మిషన్ల స్టాల్‌కి నా సలహా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో గానుగ మిషన్లు తయారుచేస్తారు. హైదరాబాద్ హైటెక్స్‌లో ఫుడ్ ప్రాసెసింగ్ ఎగ్జిబిషన్‌కి మొదటిసారి 3×3 మీటర్ల స్టాల్ తీసుకున్నారు. డిజైనర్ పింటరెస్ట్ చూసి ఒక త్రీడీ బొమ్మ పంపాడు. చూడ్డానికి బాగానే ఉంది గానీ "ఇది మనది" అనిపించట్లేదు. కొత్త ఆలోచనలు ఎక్కడ వెతకాలి, నడిచిపోయేవాళ్లు ఆగి మాట్లాడాలంటే ఏం చేయాలి అని అడిగారు. స్టాళ్లు కట్టించడమే నా వృత్తి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ త్రీడీ బొమ్మ సంగతి తేల్చేద్దాం. దాన్ని ఇంకోసారి తెరిచి చూడండి. అందులో మనుషులు ఉండరు. ఉన్నా ఇద్దరో ముగ్గురో, అదీ సూటు వేసుకుని. మీ స్టాల్లో మీరు ముగ్గురు, మిషను, నూనె డబ్బాలు, బ్యాగులు, వాటర్ బాటిళ్లు, పైగా ఎదురుగా నిలబడ్డ ఆరుగురు కస్టమర్లు ఉంటారు. 9 చదరపు మీటర్లలో వీళ్లంతా నిలబడ్డాక గోడలో నడుం కింద భాగం ఎవరికీ కనిపించదు. పింటరెస్ట్‌లో కనిపించే స్టాళ్లలో చాలామటుకు విదేశాల్లో పెద్ద కంపెనీలు ఖాళీ స్థలం తీసుకుని, పైకప్పు నుంచి వేలాడదీసి కట్టుకున్నవి. మీరు తీసుకున్నది షెల్ స్కీమ్. అల్యూమినియం ఫ్రేములో తెల్ల ప్యానెళ్లు, ముందు పేరు రాసే ఫేసియా పట్టీ, ఒక బల్ల, రెండు కుర్చీలు, రెండు మూడు స్పాట్‌లైట్లు, ఒక 5 ఆంప్ ప్లగ్గు. ఇంచుమించు అన్ని ఎగ్జిబిషన్లలోనూ ఇంతే ఇస్తారు. ఆ ప్యానెళ్లకు మేకు కొట్టనివ్వరు, కొడితే డ్యామేజీ కింద డబ్బు పట్టుకుంటారు. కాబట్టి ఆ బొమ్మను ఈ పెట్టెలో ఇరికించాలని చూడకండి.

మీ స్టాల్ ముందు వైపు 3 మీటర్లు. నింపాదిగా నడిచే మనిషి సెకనుకు ఒక మీటరు దాటతాడు. అంటే ఆగాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆయనకు దొరికేది మూడు సెకన్లు. అందులో ఒకటి ఫోన్‌కే పోతుంది. అంతసేపట్లో మీ కంపెనీ చరిత్ర, ఐఎస్ఓ సర్టిఫికెట్, పది మోడళ్ల ఫొటోలు చదివే ఓపిక ఎవరికీ ఉండదు. కదిలేదో, మెరిసేదో, వాసన వచ్చేదో ఒక్కటి తగలాలి. మీ అదృష్టం ఏమిటంటే గానుగలో ఆ మూడూ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ అమ్ముకునేవాళ్లు ఇలాంటి సరుకు లేకే ఇబ్బంది పడతారు.

ఇక ఐడియాలు ఎక్కడ అన్నదానికి వస్తాను. నాంపల్లి నుమాయిష్‌కి వెళ్లండి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పుడున్న మైదానానికి మారిన ఎగ్జిబిషన్ అది. ఏటా మామూలుగా జనవరి 1న మొదలై నెలన్నర నడుస్తుంది. జెయింట్ వీల్, హలీం సంగతి తర్వాత. కూరగాయల పీలర్లు అమ్మే మనిషి దగ్గర కాసేపు నిలబడి గమనించండి. అతను ఎవరినీ పిలవడు. తల వంచుకుని క్యారెట్ గీస్తూ ఉంటాడు. బల్ల మన ఇంటి వంటగట్టు కంటే జానెడు ఎత్తులో ఉంటుంది. కాబట్టి మూడో వరుసలో ఉన్నవాళ్లకీ అతని చేతులు కనబడతాయి. తురుమును తీసెయ్యడు, కావాలనే ముందు పోగు పెడతాడు. ఎర్రగా క్యారెట్, పక్కన తెల్లగా ముల్లంగి, ఆ పక్కన కీర. నలుగురు ఆగేదాకా నోరు తెరవడు. నలుగురయ్యాక తలెత్తి, ముందున్న ఒకావిడ చేతికి పీలర్ ఇచ్చి "మీరే గీయండమ్మా" అంటాడు. ఆవిడ గీస్తుంటే మిగతావాళ్లు ఆవిడ మొహం చూస్తారు. సరుకు అక్కడే అమ్ముడుపోయింది.

ఇందులో డిజైన్ అంతా ఉంది. ఆగేముందే పని నడుస్తూ ఉండటం, చేతులు అందరికీ కనబడే ఎత్తు, రంగుల పోగు, మాట్లాడే ముందు ఆగడం, వస్తువును ఎదుటివాడి చేతిలో పెట్టడం. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే చోటా ఇదే చూస్తారు. నిప్పుల మీద లక్క మెత్తబడి, మీ కళ్ల ముందే గాజు అవుతుంటే పక్క షాపుకు కాలు కదలదు. ఊళ్లో సంత, రైతుబజార్, చెరుకు రసం బండి, ఎక్కడైనా జనం గుంపుగా ఆగారంటే మీరూ ఆగి, సరుకును కాదు, ఆగినవాళ్లను చూడండి. ఏ అడుగు దగ్గర ఆగారు, ఎవరి భుజం మీదుగా చూస్తున్నారు, ఎప్పుడు వెళ్లిపోయారు అని. నా నోట్‌బుక్‌లో ఇలాంటి గీతలే ఎక్కువ, స్టాళ్ల ఫొటోలు తక్కువ.

ఇది మన చిన్న వ్యాపారులకే పరిమితమైన కిటుకు అనుకోకండి. 1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ఎగ్జిబిషన్‌లో ఎలైషా ఓటిస్ తన లిఫ్టు బ్రేకు గురించి బోర్డులు పెట్టి ఊరుకోలేదు. జనం తలలకు పైన, ఎత్తులో వేలాడే పలక మీద తానే నిలబడి, దాన్ని మోస్తున్న తాడును తెగ్గొట్టించాడు. పలక కొద్దిగా జారి ఆగిపోయింది. ఆ రోజుల్లో లిఫ్టంటే జనానికి ఒకటే భయం, తాడు తెగితే ఎలా అని. ఆ భయాన్నే తీసుకుని ప్రదర్శనగా మార్చాడు. మీ కస్టమర్ భయం ఏమిటో ముందు మీరు రాసుకోండి. గానుగ కొనడానికి వచ్చేది రిటైరైన ఉద్యోగి, డ్వాక్రా సంఘం, ఊళ్లో ఏదైనా సొంతంగా పెట్టుకోవాలనుకునే కుర్రాడు. వాళ్ల మనసులో ఉండేవి నాలుగే: గంటకు ఎన్ని కిలోలు ఆడుతుంది, పది కిలోల గింజలకు నూనె ఎంత దిగుతుంది, కరెంటు బిల్లు ఎంత, పాడైతే ఎవరు వస్తారు. మీ స్టాల్ మొత్తం వీటికి జవాబుగా ఉండాలి.

అందుకని మిషన్‌ను వెనక గోడకు ఆనించి పెట్టకండి. ముందు అంచుకు రెండడుగుల లోపల, నడవా వైపు తిప్పి పెట్టండి. చిన్న మోడల్ అయితే అడుగు ఎత్తు దిమ్మ మీద ఎక్కించండి. దిమ్మ గట్టిగా ఉండాలి, ప్లైవుడ్ పెట్టె చేస్తే లోపల ఇనుప ఫ్రేము వేయించండి, లేకపోతే మోటారు అదురుకు ఊగుతుంది. నూనె కారే గొట్టం కింద గాజు జాడీ ఉండాలి, స్టీలు గిన్నె వద్దు. చుక్క చుక్క పడుతూ మట్టం పెరగడం కనబడాలి. జాడీకి పక్కన కొలత గీతలు అతికించండి. మరో పక్క చెక్క, అంటే నూనె తీశాక మిగిలే పిండి, వచ్చి పడే పళ్లెం. తెలకపిండిని చేతిలోకి తీసుకుని నలిపి వాసన చూడని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. వచ్చినవాళ్లతోనే గుప్పెడు నువ్వులు వేయించండి. వాయి మొదలయ్యే ముందు గింజలను అందరి ముందూ తూకం వేసి, పలక మీద సుద్దతో రాయండి. వాయి అయ్యాక నూనె తూచి పక్కనే రాయండి. మధ్యాహ్నానికి ఆ పలక మీద నాలుగైదు వరుసలు పోగవుతాయి, ఏ వాయిలో ఎంత దిగిందో చెరపకుండా ఉంచండి. ఒక వాయిలో నూనె కాస్త తక్కువ దిగినా పర్వాలేదు, అదే నమ్మకం తెస్తుంది. ప్రింటు వేసిన అంకెను ఎవరూ నమ్మరు, సుద్దతో రాసినదాన్ని నమ్ముతారు.

ఇది చెప్పినంత తేలిక కాదు, కరెంటు దగ్గర బెడిసికొడుతుంది. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు, కానీ మోటారు మొదలయ్యేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ 5 ఆంప్ ప్లగ్గులో పెడితే మీ స్టాలే కాదు, పక్క నాలుగు స్టాళ్లూ చీకటైపోతాయి. ఆర్గనైజర్ ఇచ్చే ఎగ్జిబిటర్ మాన్యువల్‌లో పవర్ లోడ్ ఫారం ఉంటుంది. మోటారు సింగిల్ ఫేజా త్రీ ఫేజా, ఎన్ని కిలోవాట్లు అన్నది గడువులోపల రాసి డబ్బు కట్టండి. చివరి నిమిషంలో అడిగితే రేటు పెరుగుతుంది, ఒక్కోసారి ఇవ్వనే ఇవ్వరు. లోడు ఎక్కువైతే కరెంటును తనంతట తానే ఆపేసే ఎంసీబీ స్విచ్చుల బోర్డు మీ సొంతది తెచ్చుకోండి. నుమాయిష్‌లో 2019 జనవరి 30 రాత్రి జరిగిన అగ్నిప్రమాదం గుర్తుంది కదా, వరసగా స్టాళ్లకు స్టాళ్లే బూడిదయ్యాయి. నూనె, వడకట్టే గుడ్డలు, తెలకపిండి పొడి, వేడెక్కే మోటారు ఒకే చోట ఉండే మీలాంటి స్టాల్‌కి చేతికందే దూరంలో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండి తీరాలి. వైర్లు కార్పెట్ కింద నలగనివ్వకండి. మిషన్ కింద రేకు పళ్లెం వేయండి, కార్పెట్ మీద నూనె పడితే జారుతుంది, పైగా కార్పెట్ డబ్బులు మీ ఖాతాలోనే. రోజంతా ఆపకుండా ఆడించొద్దు. గంటకో వాయి అని టైములు రాసి పెట్టండి. మోటారుకూ విశ్రాంతి, మీ గొంతుకూ విశ్రాంతి. "మూడింటికి మళ్లీ ఆడిస్తున్నాం" అని చెబితే నిజంగా కొనాలనుకునేవాళ్లు తిరిగి వస్తారు.

లైటింగ్ గురించి ఒక కథ చెబుతాను, దానికీ మనకూ చుట్టరికం ఉంది. 1851లో లండన్ హైడ్ పార్క్‌లో గ్రేట్ ఎగ్జిబిషన్ జరిగింది. ఇనుప చట్రానికి గాజు బిగించి కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌లో పెట్టారు, సుమారు 60 లక్షల మంది చూశారు. అక్కడ అందరూ ఎదురుచూసిన వస్తువు మన కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల్లో పుట్టిందని చెప్పుకునే కోహినూర్. దాన్ని బంగారు పంజరంలాంటి పెట్టెలో పెట్టి, బారులు తీరిన జనానికి చూపించారు. జనం చూసి పెదవి విరిచారు. గాజు కప్పు గుండా అన్ని వైపుల నుంచీ పగటి వెలుతురు పడుతుంటే వజ్రంలో మెరుపే కనబడలేదు. మాటలు పడలేక నిర్వాహకులు చుట్టూ గుడ్డలు కట్టి చీకటి చేసి, గ్యాస్ దీపాలూ అద్దాలూ అమర్చారు. కాస్త మెరిసింది గానీ లోపల ఉక్కపోత. మరుసటి ఏడాది, 1852లో, దాన్ని కొత్తగా సానబట్టించారు. ఆ దెబ్బతో దాదాపు 191 క్యారెట్ల రాయి 105.6 క్యారెట్లకు దిగింది. సానలోనూ లోపం ఉండొచ్చు, కానీ కోహినూర్ అంతటి రాయి కూడా తప్పుడు వెలుతురులో వెలవెలబోయిందంటే మీ నూనె సీసాల సంగతి చెప్పాలా?

షెల్ స్కీమ్ స్పాట్‌లైట్లు పైనుంచి ముందుకు కొడతాయి. సీసా మీద తెల్ల మచ్చ పడుతుంది తప్ప లోపలి నూనె రంగు పలకదు. నూనెకు వెలుతురు వెనక నుంచి రావాలి. ఇది తెలియాలంటే తోలుబొమ్మలాట గుర్తుచేసుకోండి. తెర వెనక దీపం, ముందు పలచని తోలు. అందుకే ఆ ఎరుపూ ఆకుపచ్చా అలా వెలుగుతాయి. అదే సూత్రంతో పాల రంగు అక్రిలిక్ షీటు వెనక ఎల్‌ఈడీ పట్టీలు అంటించి, ముందు సన్నటి అర మీద సీసాలు పెట్టండి. వెలుతురు రంగును కెల్విన్‌లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ పసుపు ఎక్కువ; 3000 నుంచి 4000 కెల్విన్ మధ్య తీసుకోండి. ట్యూబులైటు తెలుపు, అంటే 6500, వేస్తే నూనె పాలిపోయి కనిపిస్తుంది. పప్పునూనె, అంటే నువ్వుల నూనె, ముదురు తేనె రంగులో, వేరుశనగ నూనె లేత పసుపులో నడవా అవతల నుంచే కనబడతాయి. కొబ్బరి నూనెతో మాత్రం ఈ పప్పులుడకవు, నీళ్ల సీసాలా ఉంటుంది, దాని పక్కన కురిడీ చిప్పలు పెట్టుకోండి. ఆ వెలుతురు ముందు మూడు రోజులు నిలిచిన సీసాలను తర్వాత ఎవరికీ అమ్మకండి, అవి చూపుకే.

గమనించారా, తోలుబొమ్మను గోడ మీద అంటించమని నేను చెప్పలేదు. "తెలుగుదనం" కావాలనగానే కొండపల్లి ఏనుగు అంబారీని వినైల్ మీద ప్రింటు తీసి గోడకు వేయడం ఈ మధ్య మామూలైపోయింది. బ్యాంకు స్టాల్లో అదే, రియల్ ఎస్టేట్ స్టాల్లో అదే, పురుగుమందుల స్టాల్లోనూ అదే ఏనుగు. దానికీ అమ్మే వస్తువుకూ ఏమిటి సంబంధం? కళ దగ్గర రూపం కాకుండా పనితీరు అప్పు తెచ్చుకోవాలి. చేర్యాల నకాషీ పటాలనే తీసుకోండి. ఎర్రటి నేల మీద వరసగా బొమ్మలుండే పొడవాటి గుడ్డ. కథకుడు దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ కథ చెబుతాడు. తర్వాతి బొమ్మ ఏమిటో చూసేవాడికి తెలియదు, అందుకే కదలడు. మీ పక్క గోడ మీద పది ఫొటోలు ఒకేసారి పెట్టే బదులు, కింద నుంచి పైకి తిప్పే గుడ్డ చుట్ట ఒకటి పెట్టుకోవచ్చు. మొదట గింజ, తర్వాత గానుగ, తర్వాత షెడ్డుకు ఎంత స్థలం కావాలో గీసిన ప్లాను, చివర నెలవారీ ఖర్చు-రాబడి లెక్క. నాన్నగారు తిప్పుతూ చెప్పుకుపోతే చాలు. బొమ్మలు వేయించేది నిజంగా చేర్యాల కళాకారుల చేతనే అయితే ఇంకా సంతోషం, వాళ్లకు డబ్బు సరిగ్గా ఇచ్చి, పేరు కింద రాయించండి.

ఇంకొకటి, పైసా ఖర్చు లేనిది. మీ షెడ్డులో అరిగిపోయి మార్చేసిన పాత రోకలి ఏదైనా ఉంటే తీసుకురండి. కొత్తదాని పక్కన నిలబెట్టి, ఎక్కడ ఆడింది, ఎన్నాళ్లు ఆడింది, ఎన్ని కిలోలకు ఇంత అరిగింది అని చిన్న చీటీ కట్టండి. అరిగిన చోట వేలితో తడమని మనిషి ఉండడు. ఆ వెంటనే "మరి మార్చాలంటే ఎంతవుతుంది?" అని అడుగుతాడు. అక్కడి నుంచి వ్యాపారం మొదలు. కొత్త మిషన్ ఒక్కటే నిగనిగలాడుతూ నిలబడితే ఆ ప్రశ్న రాదు.

గోడ మీద రాతల విషయంలో క్లుప్తంగా. పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం అంగుళం ఎత్తు ఉండాలి, ముప్పై అడుగులకు మూడు అంగుళాలు. తెలుగుకు ఇంకాస్త పెంచండి, కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరసల మధ్య ఖాళీ ఎక్కువ కావాలి. హైటెక్స్ అనగానే అందరూ ఇంగ్లీషులోనే రాసేస్తారు, కానీ మీ కస్టమర్ కర్నూలు నుంచో ఖమ్మం నుంచో వస్తాడు, పెద్ద అక్షరాలు తెలుగులో ఉండాలి. డిజైన్ ఫైలు ప్రింటింగ్ షాపుకు పంపేటప్పుడు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంట్‌తో పనిలేని బొమ్మ గీతలుగా, మార్చిన పీడీఎఫ్ పంపండి. అలాగే పంపితే వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంట్ లేక వత్తులు విడిపోయి, "స్వచ్ఛమైన" అన్నది చూడలేని రూపంలో ప్రింటై వస్తుంది. రాత్రి పదకొండింటికి హాల్లో అది చూసి చేసేదేమీ ఉండదు. ఫేసియా మీద పేరు స్పెల్లింగ్ కూడా మీరే వెళ్లి చూసుకోండి.

పెద్ద అక్షరాల్లో కంపెనీ నినాదం వద్దు, ఇందాకటి నాలుగు ప్రశ్నల్లో ఒకటి రాయండి. "10 కిలోల నువ్వులకు నూనె ఎంత దిగుతుంది?" అంతే. జవాబు పలక మీద ఉంటుంది. సూక్ష్మ ఆహార పరిశ్రమల కోసం కేంద్రం 2020లో మొదలుపెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద బ్యాంకు రుణంతో ముడిపడి 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ ప్రకటించారు కదా, అందరూ దాన్ని అడుగుతారు. పథకం ఇంకా నడుస్తోందా, తాజా నిబంధనలు ఏమిటి అన్నది మీ జిల్లా అధికారుల దగ్గర ముందే కనుక్కుని, దరఖాస్తుకు కావలసిన కాగితాల జాబితా ఒక పేజీ ప్రింటు తీసి ఉంచండి. ఇరవై పేజీల కలర్ బ్రోచర్ గేటు దగ్గరి చెత్తబుట్టలో తేలుతుంది. ఈ ఒక్క పేజీ ఇంటికి వెళుతుంది.

బల్ల అడ్డంగా ముందు పెట్టి, వెనకాల కుర్చీల్లో కూర్చోవడం అనే జబ్బు మనవాళ్లలో చాలా ఉంది. బల్ల పక్క గోడకు నెట్టేయండి. కుర్చీ ఒక్కటి చాలు, అదీ పెద్దవయసు కస్టమర్ కోసం. ఫోన్ చూస్తున్న సేల్స్‌మన్‌ను దాటుకుని లోపలికి ఎవరూ రారు. "మే ఐ హెల్ప్ యూ" అని పలకరిస్తే "ఊరికే చూస్తున్నా" అనే జవాబు వస్తుంది, కథ ముగుస్తుంది. "మీ వైపు నువ్వులా, పల్లీలా సార్?" అనండి. జవాబు చెప్పకుండా ఎవరూ ఉండలేరు, చెప్పగానే ఆయన ఏ ప్రాంతమో, ఏ మోడల్ పనికొస్తుందో మీకు తెలిసిపోతుంది. నాన్నగారిని మిషన్ దగ్గరే నిలబెట్టండి. టై కట్టుకున్న పిల్లల కంటే చేతికి నూనె అంటిన మనిషి మాటకు విలువెక్కువ.

గిరగిర తిప్పే లక్కీ చక్రాలు, వీఆర్ కళ్లజోళ్లు, సెల్ఫీ ఫ్రేములు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి. గుంపు వస్తుంది, నిజమే. వచ్చేది పెన్నుల కోసం కాలేజీ పిల్లలు. వాళ్ల వెనక నిలబడ్డ అసలు కస్టమర్ విసుగొచ్చి పక్క స్టాల్‌కి పోతాడు. ఆట కావాలంటే మీ సరుకుతోనే ఆడించండి. మూత పెట్టిన రెండు కప్పులు, ఒకదాంట్లో గానుగ నూనె, రెండోదాంట్లో రిఫైన్డ్. వాసన చూసి ఏది ఏదో చెప్పమనండి. చెప్పినవాళ్లకు ఆ వాయిలో ఆడిన నూనె చిన్న సీసాలో పోసి, ఆడిన టైము, వాళ్ల పేరు చేత్తో రాసి ఇవ్వండి. వేడన్నం, కందిపొడి, పప్పునూనె పెట్టాలని ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. పెడితే మధ్యాహ్నం మీది భోజన హోటల్ అయిపోతుంది, పైగా తినే వస్తువులు పంచడానికి ఆర్గనైజర్ అనుమతి విడిగా కావాలి. మానుకోండి.

విజిటింగ్ కార్డులు గాజు గిన్నెలో వేయించుకోవడం కూడా దండగే. మాట్లాడిన ప్రతి మనిషికీ ఒక చీటీ: ఊరు, ఏ గింజ, స్థలం ఉందా లేదా, ఎప్పటికి మొదలుపెడతారు. వెళ్లగానే వెనక మీ మాటల్లో ఒక వాక్యం రాసుకోండి, "కోడలి పేరు మీద పెడతారట" లాంటిది. ఆ రోజు రాత్రే వాట్సాప్‌లో ఆయన చూసిన వాయి వీడియో పంపండి. మొదటిరోజు పొద్దున వచ్చేవాళ్లలో కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు ఎక్కువ, ఆ పూట అలసిపోకుండా నిద్రపోయి రండి. స్టాల్ కట్టే రాత్రి కాపలాకు వేరే మనిషిని పెట్టుకుంటే మంచిది.

ఇప్పుడు మీరు చెప్పాల్సినవి రెండు. ఆర్గనైజర్ పంపిన లేఅవుట్‌లో మీ స్టాల్ ఒక వైపే తెరిచి ఉందా, మూల మీదుందా? మూల అయితే మిషన్ పెట్టే చోటు పూర్తిగా మారిపోతుంది. రెండోది, తీసుకెళ్లే మోడల్ మోటారు ఎన్ని హెచ్‌పీ, ఏ ఫేజ్? అవి రాస్తే బల్ల, మిషను, సీసాల అర ఎక్కడెక్కడ రావాలో కొలతలతో గీసి పెడతాను. మీ డిజైనర్‌ను మార్చనక్కర్లేదు, ఆ గీత ఆయనకే ఇవ్వండి.